మీరు మింగిన అక్షరం

శ్రీమతే రామానుజాయ నమః

తిరుపతి,
ఆవణి నెల, 1989.

మిమ్మల్ని ఢిల్లీకి మీ ఆఫీసువాళ్లు వేశారా, మీరే అడిగి వేయించుకున్నారా?

ఉత్తరం ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు. ముందు నమస్కారం, ఆ వెనక క్షేమసమాచారం, ఏదైనా అడగదలిస్తే అది చివర. కానీ మూడేళ్లుగా ఈ ప్రశ్నను ప్రతి ఉత్తరంలో చివరికే దాచుకుని, తీరా చివరికి వచ్చేసరికి కాగితంలో చోటు చాలలేదని నాకు నేనే చెప్పుకుని మడిచి పంపేస్తూ వచ్చాను. చోటు చాలకపోవడం ఒక్కసారీ నిజం కాదు. అందుకని ఈసారి ముందే రాసేశాను. ఇక మిగతాది పద్ధతి ప్రకారమే రాస్తాను.

శ్రీవారికి కుముదవల్లి నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. పెరుమాళ్లకు వేళ తప్పకుండా తళిగ చేసి ఆరగింపు పెడుతున్నాం. మీరు కులాసాగా ఉన్నారనీ, అక్కడ ఎండలు తగ్గాయనీ మీ ఉత్తరంలోనే ఉంది కనుక ఆ మాట మళ్లీ అడగడం లేదు.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్లు అలాగే ఉన్నాయి. మెట్లు దిగేటప్పుడు మిమ్మల్ని తలుచుకుంటారు, ఎక్కేటప్పుడు నన్ను తిడతారు. బావిలో నీళ్లు అడుగంటాయి గానీ పూర్తిగా ఎండలేదు. మీ పుస్తకాల బీరువాకు చెద పట్టలేదు, వేపాకు మారుస్తూనే ఉన్నాను. కాలేజీలో నాకు మళ్లీ పై అంతస్తులో క్లాసులు ఇచ్చారు. నేను పడిపోతానన్న భయంతో రెండేళ్లు నన్ను కింది గదిలోనే ఉంచిన ప్రిన్సిపాలమ్మే, మొన్న స్వయంగా నా వెంట మెట్లెక్కి వచ్చి క్లాసు చూపించారు. పిల్లలు లేచి నిలబడ్డారు. తర్కశాస్త్రం మొదటి పాఠం చెప్పాను. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న పాఠమే.

తిరుపతికి బదిలీ కాగితాలు చేతికొచ్చాయనీ, వచ్చే నెల పెరటాసి శనివారాలకు ముందే ఇల్లు చేరతాననీ, మేడ మీది గదికి సున్నం కొట్టించి ఉంచమనీ రాశారు. ‘స్వామి దయవల్ల నీ జబ్బు నయమైంది, ఇక పాతవన్నీ మరిచిపోదాం’ అని కూడా రాశారు. దానికి జవాబు చివర రాస్తాను. ఏ పాతవి మరిచిపోవాలో ముందు ఇద్దరమూ ఒకటే అనుకోవాలి కదా.

వేలూరులో అసలు ఏం తేల్చారు, అత్తయ్య పక్కింటివాళ్ల చేత రాయించిన కార్డులో పంది పురుగు అని ఉంది, అదేమిటి అని అడిగారు. మీరు ఇక్కడ లేరు కనుక మొదటినుంచీ చెబుతాను.

మొదటిసారి పడ్డది మాత్రం మీ కళ్ల ముందే. అప్పటికి నాకు నలభై దాటాయి. నాకు గుర్తున్నది చారులో పోపు వేసిన చప్పుడు. ఆ తరువాత గుర్తున్నది నా పిడికిట్లో బీరువా తాళాల గుత్తి, ఆ పిడికిలిని మూసిపట్టి ‘ఇనుము పట్టుకోవే, విడవద్దు’ అంటున్న అత్తయ్య గొంతు. మీరు వంటింటి గడప అవతల నిలబడి ఉన్నారు. నా చీర తడిసి ఉంది. మీరు నా మొహం చూడలేదు, ఆ తడినే చూశారు. పిల్లలు లేని ఇల్లు మనది. ఒకరి మొహం ఒకరం చూసుకునే ఇరవై ఏళ్లు గడిపాం. ఆ చూపు మాత్రం నేను అంతకుముందు ఎరగను.

తరువాత మీరే చిత్తూరులో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. మొదటిసారి ఇద్దరమూ లోపలికి వెళ్లాం. రెండోసారి నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి మీరు ఒక్కరే వెళ్లి మాట్లాడి వచ్చారు. ‘రోజూ బిళ్ల వేసుకోవాలట, జీవితాంతం’ అన్నారు. ఆ ఎండాకాలమే మీకు ఢిల్లీ వచ్చింది.

బిళ్లలు వేసుకుంటూనే ఉన్నాను. అయినా వస్తూనే ఉంది. పాఠం మధ్యలో మాట తప్పిపోయేది. ఒకసారి సుద్దముక్క చేతిలో ఉండగానే నల్లబల్ల పక్కన పడిపోయాను. మిగతా వేళల్లో ఒకటే మత్తు. తలను పొరలు పొరలుగా ఫొటో తీసే యంత్రం వేలూరుకు వచ్చిందని పేపర్లో చదివి, చిత్తూరు డాక్టరు దగ్గరికి వెళ్లి నాకూ ఆ స్కాను తీయిస్తే మంచిదేమో అని అడిగాను. ఆయన నవ్వాడు.

“స్కాను ఎందుకమ్మా మీకు? కొత్తగా వచ్చినోళ్లకు తీస్తారు గానీ. మీది చిన్నప్పటి జబ్బు గదా.”

“ఎవరు చెప్పారండీ?”

“మీ ఆయనే చెప్పినాడు. చిన్నప్పట్నించీ ఉండాదంట. మీ పుట్టింటి ఊళ్లోనే ఎవురో ముసలామె చెప్పిందంట.”

“నాకు ఎప్పుడూ రాలేదు.”

“మీకెట్ల తెలుస్తుందమ్మా? ఇది వచ్చినోళ్లకు గుర్తుండే జబ్బు కాదు. చూసినోళ్లు చెప్తేనే తెలిసేది.”

పిల్లలకు తర్కం చెప్పే మనిషిని, ఆ వాక్యాన్ని ఎటు తిప్పినా దానిలో సందు దొరకలేదు. నిజమే, నేను పడ్డప్పుడు ఏం జరిగిందో నాకు తెలియదు. అలాగే చిన్నప్పుడు కూడా పడి, లేచి, ఆడుకోవడానికి వెళ్లిపోయి ఉంటే నాకేం తెలుస్తుంది? అడుగుదామంటే అమ్మా నాయనా లేరు, తోబుట్టువులూ లేరు. నా చిన్నతనానికి నేను సాక్షిని కానని మొదటిసారి తెలిసింది.

ఇది మీకు రాయలేదు. చాలా నెలలు నేను అదే నమ్మాను. నా జబ్బు తెలిసి కూడా దాచిపెట్టి నాయన నన్ను మీకు కట్టబెట్టారని నమ్మాను. మా ఊరు నగరి బళ్లో పాఠాలు చెబుతూ పిల్లలకు సున్నాలు పెట్టడానికే మనసొప్పని మనిషి, అల్లుడి దగ్గర ఇంత అబద్ధం ఎలా ఆడగలిగారా అని, పోయిన మనిషి మీద కోపం పెంచుకున్నాను. ఆ ఏడు ఆయన తిథినాడు ఆయన ఫొటో వైపు చూడలేదు. మీ ఉత్తరాలకు మాత్రం మరింత వినయంగా జవాబులు రాశాను. మీకు ద్రోహం జరిగిందనీ, మీరు మంచివారు కాబట్టి నన్నేమీ అనకుండా దూరంగా వెళ్లిపోయారనీ అనుకున్నాను. ఆ ఉత్తరాలు మీ దగ్గర ఉంటే తీసి చూడండి, అలాంటి వినయం ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది.

వేలూరికి నన్ను తీసుకుపోయింది అత్తయ్య. “ఈ చిత్తూరాయన బిళ్లలు మింగి నువ్వు నిలబడి నిద్రపోతా ఉండావు, బండి విప్పిన ఎద్దు మాదిరి. తళిగలో ఉప్పేసినావో లేదో నీకే తెలవడం లేదు. పద,” అన్నారు. పూతలపట్టు దాటేదాకా బస్సులో నా కొంగు ఆవిడ చేతికి చుట్టుకునే ఉంది, పడితే పట్టుకోవడానికట.

అక్కడ ఒక డాక్టరమ్మ చూసింది. చిన్న వయసు, మాట చురుకు. ఎవరు ఏం చెప్పారని అడగలేదు, నన్నే అడిగింది. మొదట ఎప్పుడు, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, మూతి ఎటు వంగింది. చెయ్యీ మూతీ అత్తయ్యే చెప్పారు. మరునాడు చల్లటి గదిలో బల్ల మీద పడుకోబెట్టి, పెద్ద చక్రం లాంటి యంత్రంలోకి నా తల దూర్చారు. కదలవద్దన్నారు. పెరుమాళ్ల పేరు తప్ప ఇంకేమీ కదిలించలేదు నేను.

ఫొటోను వెలుగుకు పెట్టి ఆవిడ చూపించింది. నా తలకాయ లోపల ఎడమ పక్కన తెల్లటి చిన్న ఉంగరం. దాని చుట్టూ మబ్బు పట్టినట్టు వాపు. కొన్నేళ్ల కిందటి వరకూ ఇలాంటివి చూస్తే క్షయ గడ్డ అనుకుని ఆ మందులే ఇచ్చేవాళ్లమనీ, వీటిలో చాలావాటిని లోపల చేరిన పురుగే పుట్టిస్తుందని ఈ మధ్యనే తెలుస్తోందనీ చెప్పింది. పంది మాంసం ద్వారా మనుషుల కడుపులో చేరే బద్దె పురుగు, దాని పిల్ల ఇది, అంది. అత్తయ్యకు అర్థం కావాలని ఆ మాట అరవంలో చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

అత్తయ్య లేచి నిలబడ్డారు. “అమ్మా, మేము పెరుమాళ్ల సేవ చేసే ఇంటివాళ్లం. మా ఇంట్లో ఉల్లిగడ్డ కూడా రాదు. ఇంకెవరిదో ఫొటో చూస్తా ఉండావు, బాగా చూడు.”

“పాట్టీ,” అంది డాక్టరమ్మ, అరవంలో అవ్వా అన్నట్టు. “మీరు పంది తినక్కర్లేదు. తిన్నవాళ్లు ఎవరో ఉంటారు, వాళ్ల కడుపులో పురుగు ఉంటుంది. దాని గుడ్లు మట్టిలోకి, నీళ్లలోకి, కూరాకుల్లోకి వస్తాయి. కడగకుండా పచ్చిగా ఏం తిన్నా చాలు.”

“మాది మడి. అన్నీ కడిగే తింటాము.”

“మడి వేరు, శుభ్రం వేరు పాట్టీ,” అంది ఆ పిల్ల నవ్వుతూ. అత్తయ్య నవ్వలేదు.

నేను అడగవలసింది అడిగాను. ఇది ఎన్నాళ్ల నుంచి ఉండి ఉంటుంది, చిన్నప్పటిదా అని. ఆవిడ మళ్లీ ఫొటో వైపు చూసింది. “చిన్నప్పటిదైతే ఈపాటికి సున్నం ముద్దలా గట్టిపడి ఒక చుక్కలాగా కనబడేది. ఇది ఇప్పుడు చస్తున్న పురుగు. అందుకే చుట్టూ ఇంత వాపు. కొన్నేళ్లది, అంతే.” ఇది కాక చిన్నప్పుడు ఇంకేదైనా ఉండి ఉండవచ్చు కదా అన్నాను. “మీరు టీచరా?” అంది. అవునన్నాను. “లేదని నేను చెప్పలేను. కానీ మీకు వస్తున్నవాటికి ఇదొక్కటి చాలు. ఇంకో కారణం వెతకాల్సిన పని నాకైతే లేదు.”

కొత్త మందు ఇచ్చారు. మందు పడినన్నాళ్లూ తల పగిలిపోయేది. పురుగు చచ్చేటప్పుడు వాపు పెరుగుతుందట, దానికి వేరే మందు. అత్తయ్య ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని దివ్యప్రబంధం చదువుకుంటూ కూర్చున్నారు. కొన్ని నెలలకు మళ్లీ ఫొటో తీశారు. ఉంగరం లేదు. ఆ చోట ఏమీ లేదు. అప్పటినుంచీ ఒక్కసారి కూడా పడలేదు. మీరు నయమైందని విన్నది ఇదే.

ఆ మొదటిసారి తిరుగు బస్సులో చిత్తూరు దాటాక అత్తయ్య నెమ్మదిగా, “నిజం చెప్పు. యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు ఏమన్నా తిన్నావా?” అన్నారు. లేదన్నాను. “నగరిలో, ఆ మగ్గాలోళ్లింట్లో?” అన్నారు. పులిహోర తిన్నానన్నాను. “అది సరే,” అన్నారు.

ఇంటికి వచ్చాక నాకు తోచింది చెప్పాను. కడగకుండా మనం రోజూ నోట్లో వేసుకునేది ఒకటుంది. తులసికీ గంగకూ నిలవదోషం లేదంటారు. బజారులో కట్టలు కొని తెచ్చి, అలాగే పెరుమాళ్ల పాదాల మీద ఉంచి, తీర్థంతో పాటు మింగుతాం. ఆ తులసి ఏ మడిలో, ఏ నీళ్లతో పెరిగిందో ఎవరు చూశారు? అదే కారణమని డాక్టరమ్మ అనలేదు, ఏది కారణమో తేలదని కూడా చెప్పింది. కొత్తిమీర కావచ్చు, వడపప్పులో దోసకాయ కావచ్చు. నేను అన్నది విని అత్తయ్య జపమాల పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. పెద్ద తప్పు మాట అన్నానని భయపడ్డాను. మరునాడు పొద్దున చూస్తే పెరట్లో రాగి చెంబులో తులసి ముంచి ఒక్కొక్క రెమ్మా విదిలిస్తున్నారు. నేను చూడడం చూసి, “ఏం చూస్తావు, మట్టి ఉండాది,” అన్నారు.

ఇక్కడివరకూ మీరు అడిగినవి. మీరు అడగనిది ఇప్పుడు రాస్తాను.

చిన్నప్పుడు జబ్బు లేదని ఫొటో చెప్పిన తరువాత, ఉందని చెప్పిన ముసలామె ఎవరో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. నాయన మీద పెంచుకున్న కోపాన్ని ఎక్కడో దించాలి. వేసవి సెలవుల్లో నగరి వెళ్లాను. మేము ఉన్న వీధిలో పాత మగ్గాలు కొన్నే మిగిలాయి, మిగతా ఇళ్లలో మరమగ్గాల మోత. నాతో చదువుకున్న వనజాక్షి ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. వాళ్లమ్మ చౌడేశ్వరి అవ్వకు చూపు తగ్గింది, చెవి సగం పోయింది. నా చెయ్యి తడిమి, “ఎవురు, అయివార్ల కూతురా? బక్కసిక్కినావు మే,” అంది.

వనజాక్షి మజ్జిగ ఇచ్చి, తనంతట తనే ఎత్తింది. “మీ ఇంటాయన వచ్చిపొయ్యి మూడేండ్లయితాది. ఆయన మళ్లా రానే లేదే?”

మీరు నగరి వెళ్లిన సంగతే నాకు తెలియదు. తెలిసినట్టే తల ఊపాను. మొగుడు ఎక్కడికి వెళ్లాడో తెలియని ఆడదాన్నని ఆ ఇంట్లో ఒప్పుకోలేకపోయాను.

“కూడా ఇంకొకాయన, దామోదరం అంట. చిత్తూర్లో లాయరు. స్నేహితుడని చెప్పినాడు మీ ఆయన. కోటు లేదు గానీ, మే, ప్రశ్న అడిగితే కోర్టు కనపడతాది. పంచెలు కొనేదానికి వచ్చినామని చెప్పి, ఒక్క పంచె గూడా ఇప్పి సూడలేదు.”

“ఏం అడిగారు?”

“మా యమ్మనే అడిగినాడు. ‘ఆమెకు చిన్నప్పుడు ఫిట్సు వచ్చేటివా’ అని. మా యమ్మకు ఫిట్సు ఏం తెలుస్తాది? మరమగ్గం ఫిట్టింగు అనుకుని, అది మా అబ్బోడిని అడగండి అనింది. మీ ఆయన నగి, అవ్వ చెవి కాడికి వంగి, ‘వలి వచ్చేదా అని అడగతా ఉండారవ్వా’ అన్నాడు.”

అవ్వకు ఆ మాట ఎలా వినబడిందో ఏమో, తనే అందుకుంది. “వలా? రాకేం? సాయంత్రమైతే సాలు, వలి వలి అని ఏడ్సేది. మీయమ్మకు ఓపిక యాడిది, నేనే గదా మగ్గం గుంటలోంచి లేసొచ్చి పిక్కలకు ఆముదం రాసేది. ఎగిరి ఎగిరి ఆడితే కాళ్లు లాగవా?”

“అదే చెప్పింది,” అంది వనజాక్షి. “కాళ్ల మాట ఎత్తకముందే ఆ లాయరు అడ్డంబడి, ఎన్నేండ్లదాకా వచ్చింది అన్నాడు. పెద్దమనిషి అయ్యేదాకా అనింది. ఆయనకు అదే సాలు. పోతా పోతా, కోర్టుకు రావాల్సొస్తే వస్తావా అవ్వా అన్నాడు. మా మగ్గం సామాను దొంగలెత్తుకపోయినప్పుడే నేను కోర్టుకు పోలేదు నాయనా, వలికి పోతానా అనింది మా యమ్మ.”

వనజాక్షి నవ్వింది. నేనూ నవ్వాను. మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

నగరి వీధుల్లో తెలుగూ అరవమూ కలిసే ఉంటాయి. అక్కడ వలి అంటే నొప్పి. వలిప్పు అంటే మూర్ఛ. దామోదరం గారికి అరవం రాకపోవచ్చు, ఆయనను నేను తప్పు పట్టను. మీకు వచ్చు. మీ ఇంట్లో సగం మాటలు అరవంలోనే నడుస్తాయి. నేను కాలు నొప్పి అంటే ‘వలియా’ అని అడిగింది మీరే, నేను పడ్డనాడు వీధి వాకిట్లో ఎవరితోనో ‘వలిప్పు’ అని గొంతు తగ్గించి చెప్పింది మీరే. రెండు మాటలూ మీ నోట విన్నదాన్ని నేను. ఆ రోజు అవ్వ చెవి దగ్గర ఒక్క ‘ప్పు’ మీరు మింగేశారు. ఆ అక్షరం లేని జవాబును తీసుకెళ్లి చిత్తూరు డాక్టరు ముందు పెట్టారు. ఆయన నాకు చిన్నప్పటి జబ్బని రాసుకుని లోపల వెతకడం మానేశాడు. ఆ ఉంగరం నా తలలో రెండేళ్లు ఎక్కువ ఉంది. ఆ రెండేళ్లలో చాలా నెలలు నేను నాయనను దొంగ అనుకున్నాను.

ఇంటికి వచ్చి అత్తయ్యతో చెప్పాను. ఆవిడ ఒత్తులు చేస్తున్నారు. చేస్తూనే ఉన్నారు. “నాకు తెలుసు,” అన్నారు.

ఏమి తెలుసని అడిగాను.

“పెండ్లినాటికే ఆ జబ్బు ఉంటే ఆ పెండ్లి చెల్లకుండా చేసే దారి చట్టంలో ఉందంట. ఆ లాయరు చెప్పినాడంట. మా వాడు, సంపత్తు, వచ్చి నాతో అన్నాడు. నేనేమన్నాను తెలుసునా? ‘వొరే, ఇన్నేండ్లు ఆ పిల్ల చేతి తళిగ పెరుమాళ్లు ఆరగించినాడే, అది చెల్లిందా చెల్లలేదా, ముందు అది తేల్చుకుని రా’ అన్నాను. లేచి బయటికి పోయినాడు. మరుసటి వారమే ఆఫీసులో ఢిల్లీ అడిగినాడు.”

“మీరు నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“చెప్తే నువ్వు కాలేజీ హాస్టలుకు పోతావు. నా మోకాళ్లకు తైలం ఎవురు పూస్తారు?” అన్నారు. ఒత్తిని అవసరానికి మించి నలుపుతూ, “వాడు చెడ్డోడు కాడే, పిరికోడు. వాళ్ల నాయన తేలును చూసినా ఇంట్లోంచి బయటికి పొయ్యేవాడు,” అన్నారు.

కాబట్టి పైన అడిగిన ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. మీరే అడిగి వెళ్లారు. అయినా మీ చేత్తో రాసిన జవాబు ఒకటి నాకు కావాలి.

మీ తరఫున కూడా నేనే వాదించి చూశాను, వేరే ఎవరున్నారు? మూర్ఛకు అరవంలో కాక్కావలిప్పు అనీ పేరుంది, దాన్ని ‘కాక్కావలి’ అని కురచ చేసి పిలిచేవాళ్లు ఉన్నారు. వనజాక్షిని అడిగితే, అంటారులే అంది. చెవిటి అవ్వకు తేలిగ్గా అర్థం కావాలని మీరు మాట కురచ చేసి ఉండవచ్చు. ఆమె చెప్పింది నిజమేననుకుని డాక్టరుకు ఉపయోగపడుతుందని చెప్పి ఉండవచ్చు. డాక్టరు అడిగే ప్రశ్నా లాయరు అడిగే ప్రశ్నా ఒకటే కదా: చిన్నప్పుడు వచ్చేదా? డాక్టరు కోసమే వెళ్లి ఉంటే లాయరును ఎందుకు తీసుకువెళ్లారు? లాయరు కోసమే వెళ్లి ఉంటే కోర్టులో ఎందుకు వేయలేదు? అమ్మ మాటకు ఆగారా, మీకై మీరే ఆగారా, అవ్వ సాక్ష్యానికి రాదని ఆగారా? మూడింటిలో ఒక్కొక్కటీ నాకు ఒక్కో వేరే మొగుణ్ణి చూపిస్తుంది.

ఒకవేళ ఆ రోజు మీరు గడప దాటి లోపలికి వచ్చి, ‘నాకు భయంగా ఉంది, నీతో ఉండలేను’ అని ఉంటే నేను ఏడ్చేదాన్ని, కానీ అర్థం చేసుకునేదాన్ని. నాకూ భయంగానే ఉండేది. మీరు నా భయాన్ని కాక, నా చిన్నతనాన్ని తీసుకుపోయారు. నగరి వీధిలో ఎగిరి ఎగిరి ఆడి కాళ్లు లాగిన పిల్లను తీసుకెళ్లి రోగిష్టి పిల్లగా కాగితం మీద నిలబెట్టబోయారు. చట్టప్రకారం ఈ పెళ్లి లేనేలేదని అనిపించుకోవడానికి, అంతకుముందు ఉన్న నన్ను కూడా లేకుండా చేయవలసి వచ్చింది.

ఇంకొకటి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, అత్తయ్యకు కూడా. పోయినసారి వేలూరు వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఆ మూర్ఛ బిళ్లలు కూడా మెల్లగా తగ్గించి మానేయవచ్చు అంది. ఫొటో శుభ్రంగా ఉంది, ఏడాది దాటింది. మానేశాక మళ్లీ ఒకసారి వచ్చే అవకాశం కొంచెం ఉంటుంది, వచ్చినా భయం లేదు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు అంది. నేను ఇప్పుడే వద్దన్నాను. ఎందుకని అడిగింది. పరీక్షలు ఉన్నాయని చెప్పాను. పరీక్షలు లేవు. మీ బదిలీ మాట అప్పటికే మీ ఉత్తరంలో వచ్చింది. అత్తయ్య ముందు పడితే నాకు సిగ్గు లేదు, పిల్లల ముందు పడినా లేచి పాఠం చెప్పాను. మీ ముందు పడితే, మీరు అది ఎవరికి ఏ మాటతో చెబుతారో అని భయం. అందుకే అక్కర్లేని బిళ్లను మింగుతూ క్లాసులో ఆవులింతలు ఆపుకుంటున్నాను. జబ్బుకు మందు దొరికింది గానీ దీనికి ఏ డాక్టరమ్మను అడగాలో తెలియలేదు.

మేడ మీది గదికి అత్తయ్య సున్నం కొట్టిస్తున్నారు. నేను పురమాయించలేదు, అడ్డూ చెప్పలేదు. కొడుకు తన ఇంటికి వస్తున్నాడు, ఆవిడకు ఆ హక్కు ఉంది. మీరు రాకముందే నేను కాలేజీ క్వార్టర్సు అడగవచ్చు, ఇస్తారు. అడిగితే అత్తయ్య ఒక్కరే అవుతారు. అడగకపోతే ఒకే వంటింట్లో మీకు వడ్డించాలి, మీరు తిని బాగుందంటారు, నేను ఆ మాట నిజమా అని చూస్తాను. ఇలా ఎన్నాళ్లు చూడగలనో తెలియదు. మీరు తప్పు ఒప్పుకుంటే క్షమించగలనా అంటే, నిన్న క్షమిస్తాననుకున్నాను, ఈ పొద్దున కాదనుకున్నాను. మీరు ఒప్పుకోకుండా పొరపాటున కురచ చేశానని రాస్తే, దాన్ని నమ్మాలని నాకు ఎంత ఉందో తలుచుకుంటేనే నా మీద నాకు అనుమానం వస్తోంది.

పాతవి మరిచిపోదామన్న మాటకు జవాబు చివర రాస్తానన్నాను. చివరికి వచ్చాను, కాగితంలో చోటు కూడా ఉంది. మిమ్మల్ని ఈ ఇంటికి రమ్మనాలో, వద్దనాలో, మీరు వస్తే నేను ఇక్కడ ఉండాలో, వెళ్లాలో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు,
కుముదవల్లి